సైన్స్ ల్యాబ్‌లో ఉప్పునీటి అక్వేరియం: చేపలు సంక్రాంతి సెలవుల తర్వాతే

తల్లిదండ్రులకు నమస్కారం.

యూనిట్ టెస్ట్ మార్కులు, స్పోర్ట్స్ డే సంగతులు క్లాస్ టీచర్లు వాట్సాప్ గ్రూపుల్లో పెట్టేశారు. అందుకే ఈ నెల ఉత్తరమంతా ఒకే విషయం గురించి రాస్తున్నాను. ఎనిమిదో తరగతి పిల్లలు ఇంట్లో ఇప్పటికే చెవిలో జోరీగలా చెప్పి ఉంటారు: సైన్స్ ల్యాబ్‌లో చిన్న ఉప్పునీటి అక్వేరియం పెడుతున్నాం. ఫీజులో దీనికోసం ఒక్క రూపాయి కూడా కలపడం లేదు, ల్యాబ్ బడ్జెట్‌లోంచే పెడుతున్నాం.

"చేపలు ఎప్పుడొస్తాయి మేడమ్?" అని గేటు దగ్గర చాలామంది అడుగుతున్నారు. దసరా సెలవులయ్యాక నీళ్లు నింపుతాం, సంక్రాంతి సెలవులయ్యాక చేపలు వేస్తాం. ఆ మధ్యలో ట్యాంకులో ఇసుక, రాళ్లు, నీళ్లు తప్ప ఇంకేమీ కనబడదు. చిల్డ్రన్స్ డేకి వచ్చి ఖాళీ ట్యాంకు చూసి ఉసూరుమనొద్దని ముందే చెబుతున్నాను.

చేపలు మొప్పల ద్వారా అమ్మోనియా వదులుతాయి. సముద్రంలో అది ఎటో కొట్టుకుపోతుంది. నాలుగు అద్దాల మధ్య ఎక్కడికీ పోదు, కాస్త పెరిగినా చేపకు విషమే. ఒక రకం బ్యాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా మారుస్తుంది, అదీ విషమే. ఇంకో రకం ఆ నైట్రైట్‌ను అంత హాని చేయని నైట్రేట్‌గా మారుస్తుంది. ఈ బ్యాక్టీరియా రాళ్ల సందుల్లో, ఇసుకలో స్థిరపడటానికి మామూలుగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. మేం ఇంకొన్ని వారాలు ఎక్కువే ఇస్తున్నాం. "బాటిల్ బ్యాక్టీరియా పోసి మూడో రోజే చేపలు వేసేయండి మేడమ్" అని ఒక షాపాయన సలహా ఇచ్చారు. ఆ బాటిల్ కొంత ఉపయోగపడొచ్చు, కానీ నాకు తొందర లేదు. చేపల ప్రాణాల మీదకు తెచ్చి పిల్లలకు ఈ మార్పుల వరసను, అంటే నత్రజని చక్రాన్ని, నేర్పే ఉద్దేశం అసలే లేదు. చేపలకు బదులు అమ్మోనియా అందించడానికి ల్యాబ్‌లోని అమ్మోనియం క్లోరైడ్‌ను టీచర్ కొలిచి కొద్దిగా కలుపుతారు, బ్యాక్టీరియాకు ఆ మేత చాలు.

పిల్లలు వారానికి రెండుసార్లు నీళ్లు పరీక్షిస్తారు. చిన్న గాజు గొట్టంలో 5 మిల్లీలీటర్ల నీళ్లు పోసి, టెస్ట్ కిట్‌లోని చుక్కలు వేసి కాసేపు ఆగితే రంగు తేలుతుంది. పసుపుగానే ఉంటే అమ్మోనియా లేనట్టు, ఆకుపచ్చకు తిరిగితే ఉన్నట్టు. మన ట్రాఫిక్ సిగ్నల్‌కు ఇది పూర్తిగా రివర్స్. వేసిన అమ్మోనియా ఒక్క రోజులో మాయమై, నైట్రైట్ కూడా సున్నాకు వచ్చేదాకా చేపల మాటెత్తం.

ఇక నీళ్లు. మన ఊళ్లో నల్లాల్లో వచ్చేది చాలావరకు కృష్ణా, గోదావరి నీళ్లే. ఈ రెండు నదులూ మన తీరంలో కలిపే మంచినీళ్లు, ఒండ్రుమట్టి కూడా అక్కడ పగడపు దిబ్బలు పెరగకపోవడానికి ఒక ముఖ్య కారణం. పగడపు జీవులకు తేట నీళ్లు, నిలకడైన ఉప్పదనం కావాలి. అందుకే మన దేశంలో అవి మన్నార్ సింధుశాఖ, కచ్ సింధుశాఖ, లక్షద్వీప్, అండమాన్ వైపు పెరిగాయి. సూర్యలంక నుంచి క్యాన్లలో సముద్రపు నీళ్లు తెప్పిస్తానని ఒక నాన్నగారు ప్రేమగా అన్నారు, చాలా థాంక్స్. కానీ ఒడ్డు దగ్గరి నీళ్లలో ఏం కలిసిందో మనకు తెలియదు.

నల్లా నీళ్లలో క్లోరిన్ ఉంటుంది, బోరు నీళ్లు మరీ కఠినం. ఇంట్లో తాగే ఆర్‌వో నీళ్లలో కూడా కొన్ని లవణాలు మిగులుతాయి. అందుకని నీళ్లలో కరిగిన లవణాలను కొలిచే టీడీఎస్ మీటర్ సున్నా చూపించేలా ఇంకో దశ ఉన్న ఫిల్టర్ తీసుకుంటున్నాం. ఆ నీళ్లలో అక్వేరియంల కోసం తయారుచేసే సముద్రపు ఉప్పు లీటరుకు సుమారు 35 గ్రాములు కలపాలి. వంటింటి ఉప్పు పనికిరాదు. అందులో దాదాపు అంతా సోడియం క్లోరైడే, సముద్రంలో ఉండే మెగ్నీషియం, కాల్షియం ఉండవు.

పోయిన శనివారం బకెట్‌లో ట్రయల్ వేశాం. ఉప్పదనం కొలిచే రిఫ్రాక్టోమీటర్ అద్దం మీద ఒక చుక్క వేసి, మూత వాల్చి, కిటికీ వైపు తిప్పి చూస్తే పైన నీలం, కింద తెలుపు కనిపిస్తాయి. ఆ రెండూ కలిసే గీత ఏ అంకె దగ్గరుంటే అదే ఉప్పదనం. 35 దగ్గరికి గీత తేవడానికి పిల్లలు ఉప్పు, నీళ్లు మార్చి మార్చి కలుపుతూ లంచ్ బెల్ కూడా పట్టించుకోలేదు. ట్యాంకులో నీళ్లు ఆవిరైతే ఏం పోయాలని అడిగాను. క్లాసంతా "ఉప్పునీళ్లు" అంది. వెనక బెంచీ నుంచి ఒక్క అమ్మాయి "ఉప్పు ఆవిరి కాదు కదా మేడమ్, ఉప్పు కలపని ఫిల్టర్ నీళ్లే పోయాలి" అంది. ఆ అమ్మాయిని ట్యాంకు లీడర్‌ని చేశాం.

ట్యాంకు రెండడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు. ఇంకా చిన్నది పెట్టొచ్చుగా అంటే, నీళ్లు తక్కువైన కొద్దీ వేడి, ఉప్పదనం గబుక్కున మారిపోతాయి. రాళ్లు, నీళ్లు, స్టాండ్ కలిపితే బరువు 150 కిలోలు దాటుతుంది. అందుకే కింది అంతస్తులో, ఎండ పడని గోడ పక్కన పెడుతున్నాం. ప్లగ్గులన్నీ నీటిమట్టానికి పైన, షాక్ రాకుండా ట్రిప్ అయ్యే స్విచ్‌తో ఉంటాయి.

మొదటి ఏడాది అందులో ఉండేవి రెండు క్లౌన్ ఫిష్‌లు, ఒక క్లీనర్ రొయ్య, కొన్ని నత్తలు. అంతే. క్లౌన్ ఫిష్‌ను హేచరీలో పెంచే పద్ధతిని మన కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ అభివృద్ధి చేసింది. సముద్రంలో పట్టినవి కాకుండా అలా పెంచినవే కొంటాం. పిల్లలు ముచ్చటపడే నీలం రంగు టాంగ్ చేప దాదాపు అడుగు పొడవు పెరుగుతుంది, మన ట్యాంకు దానికి జైలే.

మరి పగడాలు? దిబ్బలు కట్టే గట్టి పగడాలన్నిటికీ, సముద్ర గుర్రాలకూ వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 కింద పులికి ఉన్నంత రక్షణ ఉంది. 2001లో వాటిని ఆ జాబితాలో చేర్చారు. మెత్తని రకాల్లో జోయాంథిడ్‌లు చూడ్డానికి బొత్తాముల్లా ముద్దుగా ఉన్నా, కొన్నిటిలో పాలిటాక్సిన్ అనే తీవ్రమైన విషం ఉంటుంది. స్కూల్లో అవి వద్దే వద్దు. ప్రమాదం లేని మెత్తని రకాల సంగతి, కాగితాలన్నీ సరిగ్గా ఉంటేనే, రెండో ఏడాది ఆలోచిస్తాం. దయచేసి పుట్టినరోజు కానుకగా చేపలు పంపకండి. రామేశ్వరంలోనో అండమాన్‌లోనో ఏరిన పగడపు ముక్కలు ల్యాబ్‌కు అసలే పంపకండి.

నాకు నిజంగా టెన్షన్ పెట్టేది ఎండాకాలం. నీళ్లు 25, 26 డిగ్రీల దగ్గర ఉండాలి. ఏప్రిల్ చివర స్కూలు మూసేసరికి బయట 40 దాటుతుంది, ల్యాబ్‌లో మనుషులుండరు, కరెంటు ఎప్పుడు పోతుందో చెప్పలేం. నీటి మీదికి ఫ్యాన్ పెడితే రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది గానీ నీళ్లు ఇంకా త్వరగా ఆవిరవుతాయి. అందుకని నీళ్లను చల్లబరిచే యంత్రం, చిల్లర్, కొంటున్నాం. కరెంటు పోతే నీళ్లు కదిలించే పంపు మాత్రం ఇన్వర్టర్ మీద నడుస్తుంది, ఎందుకంటే నీళ్లు కదలకపోతే చేపలకు ఆక్సిజన్ తగ్గిపోతుంది. వాచ్‌మన్ రోజూ ఉష్ణోగ్రత చూసి గ్రూపులో పెడతానన్నాడు. మేత వేయడానికి, నీళ్లు నింపడానికి మాత్రం రోజు విడిచి రోజు ఎవరైనా రావాలి. సెలవుల్లో ఊళ్లోనే ఉండే కుటుంబాలు డిసెంబరు పేరెంట్స్ మీటింగ్‌లోపు క్లాస్ టీచర్‌కు పేర్లివ్వండి. కనీసం పది కుటుంబాలు ముందుకు రాకపోతే చేపలు వేయడం జూన్‌కు వాయిదా వేస్తాం. పిల్లలకు ఈ మాట ఇప్పటికే చెప్పాను.

ఇంకొకటి. ఇంట్లో పాత 20 లీటర్ల వాటర్ క్యాన్లు పడి ఉంటే పంపండి, ఉప్పునీళ్లు కలిపి పెట్టుకోవడానికి నాలుగైదు కావాలి. సబ్బుతో కడగొద్దు, వట్టి నీళ్లతో కడిగి పంపితే చాలు.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు