మా పాపకు అండగా నిలిచిన అందరికీ

పుట్టగానే పేగు ఆపరేషన్ అయిన మా పాప ఇంటికొచ్చేసింది. ఇప్పుడు నోటితో పాలు తాగుతోంది, కక్కడం లేదు. మెసేజీలు పెట్టిన వాళ్లలో చాలామందికి విడిగా జవాబివ్వలేకపోయాను, అందుకే ఇక్కడ రాస్తున్నాను.

ముందుగా ఆ రాత్రి డ్యూటీలో ఉన్న నర్సమ్మకు. పసిపిల్లలు కక్కడం మామూలేగా అని మేమంతా అనుకుంటుంటే, గుడ్డ మీద పసరు రంగు చూసిన ఆవిడ మాత్రం ఒప్పుకోలేదు, వెంటనే పాలు ఆపించి, డాక్టర్ని పిలిచి, ముక్కులోంచి పొట్టలోకి ట్యూబు వేయించారు. ఎక్స్‌రేలో గాలి రెండు బుడగల్లా కనిపించింది. ఒకటి జీర్ణాశయం, రెండోది దాన్ని ఆనుకుని ఉండే చిన్నపేగు మొదటి భాగం, ఆ కింద గాలే లేదు. డుయోడినల్ అట్రీషియా అన్నారు, అంటే పేగు అక్కడ మూసుకుపోయి పుట్టిందన్నమాట. ఇలా పుట్టే పిల్లల్లో దాదాపు మూడో వంతు మందికి డౌన్ సిండ్రోమ్, అంటే పుట్టుకతోనే ఒక క్రోమోజోమ్ అదనంగా ఉండటం, ఉంటుంది. మా పాపకూ ఉంది. పసరు వాంతి కనిపిస్తే మాత్రం తెల్లారేదాకా చూద్దాం అనుకోకండి, దయచేసి.

సర్జన్ గారికి ఎంత చెప్పినా తక్కువే. డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లల్లో సుమారు సగం మందికి గుండెలోనూ లోపం ఉంటుంది కాబట్టి ముందు ఎకో, అంటే గుండె స్కాన్, చేయించారు. మూసుకున్న చోటుకు పైనున్న పేగునీ కిందున్న పేగునీ ఎలా కలిపి కుడతారో కాగితం మీద బొమ్మ గీసి చూపించారు. ఇది మీరు తిన్నదాని వల్లో చేసినదాని వల్లో రాలేదమ్మా అని నేను అడక్కముందే చెప్పారు. ఆ ఒక్క మాటతో ఆ రోజు కాస్త అన్నం తినగలిగాను.

ఆపరేషన్ తర్వాత పేగు కదలడానికి టైమ్ పడుతుంది. అన్నాళ్లూ నరం ద్వారానే పోషణ. ఆ తర్వాత నా పాలు చాలనప్పుడు మిల్క్ బ్యాంకుకు పాలిచ్చిన తల్లులు మా బిడ్డ కడుపు నింపారు. మీరెవరో నాకు తెలియదు, మీ పిల్లలు చల్లగా ఉండాలి.

పొట్ట ఉబ్బి, విరేచనం సరిగా కాకపోతే హిర్ష్‌స్ప్రంగ్ గురించి డాక్టర్ని అడగమని రాసిన తల్లిదండ్రులకు కూడా థాంక్స్. పేగు చివరి భాగంలో నరాల కణాలు లేకుండా పుట్టడం అది, ఇదీ డౌన్ సిండ్రోమ్ పిల్లల్లో మిగతా పిల్లల కంటే ఎక్కువ. మీరు చెప్పారు కాబట్టే అడిగాం, బయాప్సీ చేశారు, అంటే పేగులోంచి చిన్న ముక్క తీసి పరీక్షించారు, ఆ కణాలు ఉన్నాయని తేలింది, ఊపిరి పీల్చుకున్నాం.

అయ్యో అనకుండా, ఆడపిల్ల పుట్టిందిగా, శుభాకాంక్షలు అని మొదట రాసిన వాళ్లను నేను మర్చిపోను. మీలో ఎవరి బిడ్డకైనా ఇలాంటి ఆపరేషన్ ఉండి టెన్షన్‌గా ఉంటే మెసేజ్ పెట్టండి, పాపకు పాలు పట్టడానికి రాత్రిళ్లు ఎలాగూ లేచే ఉంటాను.