ఐదు దేశాల రైలు యాత్రకు ముందు చూడాల్సింది సరిహద్దు గేట్లు

సంపాదకులు గారికి నమస్కారం.

ఆదివారం అనుబంధాల్లో ఈ మధ్య ఆగ్నేయాసియా యాత్రల మీద వ్యాసాలు తరచుగా వస్తున్నాయి. ఫొటోలు బాగుంటున్నాయి, ఖర్చు అంచనా కూడా ఇస్తున్నారు. ఒక దేశం నుంచి ఇంకో దేశంలోకి నేల మీద ఎలా దాటాలన్నది మాత్రం ఒక్క వాక్యంలో తేల్చేస్తున్నారు. బరంపురం, పర్లాకిమిడి, గుణుపూర్, రాయగడ వైపు కుర్రాళ్లు, రిటైరైన మాస్టార్లు ఆ కాగితాలు కత్తిరించి దాచుకుని, వాటి మీదే ప్లాన్ వేసుకుంటున్నారు. అందుకే ఈ ఉత్తరం. బస్సుల్లో, రైళ్లలో నాలుగైదు దేశాలు తిరగాలంటే ఊర్ల జాబితాతో మొదలుపెట్టకూడదు. ఏ గేటు తెరిచి ఉంది, మన పాస్‌పోర్టుకు ఆ గేటు దగ్గర ఏ వీసా చెల్లుతుంది అన్నది ముందు తేలాలి. ఊర్లు ఆ తర్వాతే.

ఇంటి గుమ్మం నుంచే నేల మీద బయల్దేరాలన్న కోరిక చాలామందికి ఉంటుంది. ఇప్పుడున్న పరిస్థితిలో అది కుదరదు. అటారీ–వాఘా గేటును 2025 ఏప్రిల్‌లో మూశారు. కోల్‌కతా నుంచి ఢాకా, ఖుల్నా వెళ్లే రైళ్లు 2024 జూలైలో ఆగిపోయాయి. మణిపూర్‌లోని మోరే దాటి, మయన్మార్ గుండా థాయిలాండ్ చేరే దారిని నమ్ముకుని టికెట్లు కొనడం తెలివైన పని కాదు. గోపాల్‌పూర్ రేవులో ఓడెక్కి రంగం (బర్మాలోని రంగూన్) వెళ్లొచ్చిన కుటుంబాలున్న జిల్లా మనది. ఆ దేశం మీదుగా దారే ఇవాళ మనకు మూసుకుపోయిందంటే మనసు చివుక్కుమంటుంది.

కాబట్టి మొదటి అంచె విమానమే. కౌలాలంపూర్‌లో దిగితే మంచిది. అక్కడి నుంచి థాయిలాండ్, లావోస్, వియత్నాం, కంబోడియా వరసగా నేల మీదే తిరగవచ్చు, మూడు వారాలు పడుతుంది. సింగపూర్ నుంచి మొదలుపెట్టాలంటే ముందుగా వీసా తీసుకోవాలి. మలేసియా మాత్రం 2023 డిసెంబర్ 1 నుంచి మనవాళ్లను 30 రోజులు వీసా లేకుండా రానిస్తోంది, ఈ వెసులుబాటు 2026 డిసెంబర్ 31 వరకు ఉంది. విమానం చెన్నైలో ఎక్కినా కోల్‌కతాలో ఎక్కినా రైలు దిగిన రోజే ఎక్కేలా పెట్టుకోవద్దు. అక్టోబర్, నవంబర్‌లలో మన లైను మీద తుపాను పడితే ఏమవుతుందో గంజాం వాళ్లకు చెప్పనక్కర్లేదు. మధ్యలో ఒక పూర్తి రోజు ఉండాలి.

పాస్‌పోర్ట్ సంగతి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే మన సరిహద్దు జిల్లాల వాళ్లకు చిక్కు ఎక్కువగా ఇక్కడే వస్తుంది. బడి సర్టిఫికెట్‌లో పేరు ఒకలా, ఒడియా నుంచి ఇంగ్లిష్‌లోకి మారిన ఓటరు కార్డులో ఇంకోలా, ఆధార్‌లో మూడో రకంగా ఉంటుంది. వెంకటరావు ఒకచోట బెంకట రావు అయిపోతాడు. ఇంటిపేరు కొందరికి ముందు, కొందరికి వెనక, కొందరికి ఒట్టి పొడి అక్షరం. ఈ తేడాలన్నీ పాస్‌పోర్ట్‌కు దరఖాస్తు చేయకముందే సరిచేయించుకోవాలి. పాస్‌పోర్ట్ చేతికొచ్చాక ఇక అందులో ఉన్నదే మీ పేరు. విమానం టికెట్, రైలు టికెట్, వీసా ఫారం అన్నీ దాని ప్రకారమే నింపాలి. ఫొటో ఉన్న పేజీ అడుగున బాణం మొనల్లాంటి గుర్తులతో రెండు వరుసలు ఉంటాయి. యంత్రం చదివేది వాటినే, కాబట్టి పేరు వాటిలో చూసి రాయండి. ఇంటిపేరు గడి ఖాళీగా ఉన్న పాత పాస్‌పోర్టులున్నవాళ్లు మళ్లీ కొత్తది తీయించుకోవడమే మేలు. చాలా టికెట్ సైట్లు ఆ గడిని ఖాళీగా వదలనివ్వవు.

గడువు కనీసం ఆరు నెలలు ఉండాలని అందరికీ తెలుసు. ఖాళీ పేజీలు లెక్కపెట్టేవాళ్లు తక్కువ. లావోస్, కంబోడియా సరిహద్దులో ఇచ్చే వీసా స్టిక్కర్లు ఒక్కోటి పూర్తి పేజీ తీసుకుంటాయి. అయిదు దేశాల ప్రవేశ, నిష్క్రమణ ముద్రలు వేరే. ఆరు పేజీలు ఖాళీగా ఉంటే నిశ్చింత.

పదో తరగతి పాస్ కానివారి పాస్‌పోర్ట్‌లో ఈసీఆర్ (ఎమిగ్రేషన్ చెక్ రిక్వైర్డ్) ముద్ర ఉండొచ్చు. ఆ ముద్ర ఉన్నవాళ్లు ఉద్యోగానికి వెళ్లాలంటే ప్రభుత్వ అనుమతి కావాల్సిన 18 దేశాల్లో మలేసియా, థాయిలాండ్ రెండూ ఉన్నాయి. చూసి రావడానికైతే ఆ అనుమతి అక్కర్లేదు. కానీ చూడ్డానికే వెళ్తున్నారని ఇమిగ్రేషన్ అధికారికి నమ్మకం కలగాలి. తిరుగు టికెట్, హోటల్ బుకింగులు, అంచెలవారీ ప్రయాణ పట్టిక, ఖర్చుకు డబ్బు ఉన్నట్టు బ్యాంకు కాగితం... ఇవన్నీ అచ్చు వేయించి ఒక ఫైల్లో పెట్టుకోండి. ఉద్యోగాల పేరుతో మనవాళ్లను కంబోడియా తీసుకెళ్లి సైబర్ మోసాల్లో దించిన ముఠాను 2024 మేలో విశాఖ పోలీసులు బయటపెట్టారు. అలాంటివి జరిగాక ఒంటరిగా వెళ్లే పాతికేళ్ల కుర్రాణ్ని రెండు ప్రశ్నలు ఎక్కువ అడగడం సహజం. టూరిస్టుగా వెళ్లు, అక్కడ పని ఇప్పిస్తామని ఎవరైనా అంటే ఆ మనిషితో మాటే వద్దు.

కాలం ఎంచుకోవడంలో కూడా చాలామంది పొరబడుతున్నారు. దసరా సెలవులు కలిసొస్తాయని అక్టోబర్‌లో పెట్టుకుంటారు. వియత్నాం నడుమ భాగంలో, హ్యూ, డానాంగ్ చుట్టూ, అక్టోబర్–నవంబర్ వరదల కాలం. పట్టాలు మునిగి రైళ్లు ఆగుతాయి. దక్షిణ థాయిలాండ్‌లో నవంబర్, డిసెంబర్ వానలు, 2025 నవంబర్‌లో హాట్ యై పట్టణం మునిగింది, మన రైలు దారి ఆ ఊరి మీదుగానే. మార్చికి వస్తే ఉత్తర లావోస్‌లో పోడు మంటల పొగ. మిగిలింది జనవరి నడిమి నుంచి ఫిబ్రవరి ఆఖరు వరకు. అందులోనే వియత్నాం వాళ్ల కొత్త సంవత్సరం టెట్ వస్తుంది. ఆ వారం ముందూ వెనకా బెర్తులు దొరకవు, దుకాణాలు తెరవరు. కేలెండర్‌లో టెట్ తేదీ ముందు చూసుకుని, అప్పటికి వియత్నాం దాటిపోయేలాగో, ఆ తర్వాతే అడుగుపెట్టేలాగో వేసుకోవాలి.

ఇక గేట్లు. కౌలాలంపూర్ నుంచి ఈటీఎస్ కరెంటు రైలు అయిదారు గంటల్లో థాయ్ సరిహద్దులోని పాడాంగ్ బెసార్ చేరుస్తుంది. రెండు దేశాల ఇమిగ్రేషన్ ఆ స్టేషన్‌లోనే ఉంటుంది. ముందు మలేసియా నిష్క్రమణ ముద్ర, ఆ పక్కన థాయ్ ప్రవేశ ముద్ర. పాస్‌పోర్ట్ చేతికి తిరిగొచ్చాక రెండు ముద్రలూ పడ్డాయా, తేదీలు సరిగా ఉన్నాయా అని అక్కడే నిలబడి చూసుకోవాలి. ముద్ర లేకుండా దాటితే తర్వాతి గేటు దగ్గర పట్టుబడేది మీరే. థాయ్ గడియారం మలేసియా కంటే గంట వెనక. బ్యాంకాక్ వెళ్లే రైలు సాయంత్రం అయిదుకని టికెట్ మీద ఉంటే అది థాయ్ సమయం, మీ చేతి గడియారంలో ఆరు. ఈ దిశలో గంట కలిసొస్తుంది. బ్యాంకాక్ నుంచి మలేసియా వైపు వచ్చేవాళ్లకే అదే గంట పోతుంది, ముందుకు పట్టుకోవాల్సిన ఈటీఎస్ తప్పిపోతుంది. సరిహద్దు దాకా వచ్చే పడక పెట్టెలు కొన్నే కాబట్టి తేదీ ఖాయమైన వెంటనే కొనాలి. కింది బెర్తు వెడల్పు ఎక్కువ, ధర కూడా కొంచెం ఎక్కువ. రాత్రంతా ఏసీ గట్టిగా వేస్తారు, దుప్పటి ఇస్తారు గానీ స్వెట్టర్ పైనే ఉంచుకోండి.

మలేసియాకు ఎండీఏసీ, థాయిలాండ్‌కు 2025 మే 1 నుంచి టీడీఏసీ అనే ఆన్‌లైన్ ఫారాలు తప్పనిసరి. రెండూ చేరే రోజుకు ముందు మూడు రోజుల్లో నింపాలి, రెండూ ఉచితం. డబ్బు అడిగే సైటు కనిపిస్తే అది నకిలీదే. 2024 జూలైలో థాయిలాండ్ మనకు వీసా లేకుండా ఉండే గడువును 60 రోజులు చేసింది. ఇలాంటివి చెప్పకుండా మారతాయి, వెళ్లే నెలలో మళ్లీ చూసుకోవాలి.

బ్యాంకాక్‌లో దూరప్రాంత రైళ్లు 2023 జనవరి నుంచి క్రుంగ్ థెప్ అఫివత్ స్టేషన్‌కు మారాయి. పాత వ్యాసాలు చదివి పాత స్టేషన్ హువా లంఫోంగ్ దగ్గర హోటల్ తీసుకోకండి. 2024 జూలై నుంచి ఇక్కడ రాత్రి ఎక్కితే పొద్దున్నకి లావోస్ రాజధాని వియంటియాన్ చేర్చే రైలు ఉంది. తెల్లవారుజామున థాయ్ సరిహద్దు స్టేషన్ నాంగ్ ఖాయ్‌లో అందరూ దిగి థాయ్ ముద్ర వేయించుకుని మళ్లీ ఎక్కాలి. నిద్రమత్తులో సీటు మీద ఏదీ వదలొద్దు. లావోస్ వీసాకు 40 డాలర్ల దాకా, ఒక ఫొటో సిద్ధంగా పెట్టుకోండి. వియంటియాన్–లువాంగ్ ప్రబాంగ్ మధ్య 2021 డిసెంబర్‌లో మొదలైన కొత్త రైలుకు రెండు గంటలే. స్టేషన్లు ఊరికి దూరం, తనిఖీ విమానాశ్రయంలో మాదిరే. కూరగాయల చాకు, కత్తెర, స్ప్రే డబ్బా తీసేసుకుంటారు.

ఇందులో అతి సున్నితమైనది వియత్నాం ఈ–వీసా. ఒకసారి ప్రవేశానికి 25 డాలర్లు, పలుసార్లకు 50, 90 రోజుల దాకా ఇస్తారు. చివర గవ్.వీఎన్ (gov.vn) అని ఉన్న సైటులోనే దరఖాస్తు పెట్టాలి. ఫారంలో ఏ గేటు గుండా వస్తారో ఎంచుకోమంటుంది. చాలామంది అలవాటుకొద్దీ హనోయ్ విమానాశ్రయం నొక్కేసి, లావోస్ నుంచి బస్సులో సరిహద్దులోని లావ్ బావ్ గేటు దగ్గర దిగుతారు. కాగితం మీద ఉన్న గేటు వేరు, నిలబడ్డ గేటు వేరు. వెనక్కి పంపితే కొత్త వీసా వచ్చేదాకా ఆ చిన్న ఊళ్లోనే పడిగాపులు. పాస్‌పోర్ట్ నంబర్‌లో, పుట్టిన తేదీలో ఒక్క అంకె తప్పినా అంతే, మళ్లీ డబ్బు కట్టి కొత్తగా పెట్టాల్సిందే. ఇద్దరు విడివిడిగా సరిచూశాకే పంపండి, వచ్చిన వీసాను రెండు ప్రతులు అచ్చు వేయించండి.

వియంటియాన్ నుంచి హనోయ్‌కు నేరుగా బస్సు ఉంది. ఇరవై నాలుగు గంటల దారి, గేటు తెరవకముందే కొండ మీదికి చేరి చలిలో కాచుకోవాలి. పెద్దవాళ్లు ఉంటే ఆ దారి వద్దనే చెబుతాను. లావోస్‌లోనే సవన్నఖెత్‌లో ఒక రాత్రి ఆగి, పగటి బస్సులో లావ్ బావ్ మీదుగా హ్యూ చేరండి. హనోయ్ పోతుంది, నడుము మిగులుతుంది. హ్యూ నుంచి సైగాన్ (హోచిమిన్ సిటీ) రైల్లో 1,038 కిలోమీటర్లు, నాలుగు బెర్తుల గది తీసుకుంటే హాయిగా ఉంటుంది.

సైగాన్ నుంచి కంబోడియా రాజధాని నాంఫెన్ వెళ్లే బస్సు మోక్ బాయ్–బావెట్ గేటు దాటుతుంది. కండక్టర్ అందరి పాస్‌పోర్టులూ తీసుకుంటాడు, కంగారు పడక్కర్లేదు. కంబోడియా వీసా 30 డాలర్లు, ఆ పైన అడిగేది అతను తన కోసం వేసుకునేది. ముందే ఈ–వీసా తీసుకుంటే ఆ బేరం ఉండదు. నాంఫెన్ చూసి మళ్లీ సైగాన్ వచ్చి విమానం ఎక్కాలనుకుంటే 25 డాలర్ల వియత్నాం వీసా మొదటి ప్రవేశంతోనే అయిపోతుంది. అప్పుడు 50 డాలర్లదే తీసుకోవాలి. నాంఫెన్ నుంచి నేల మీద బ్యాంకాక్‌కు తిరిగి రావచ్చని ఇప్పటికీ వ్యాసాల్లో రాస్తున్నారు. థాయిలాండ్–కంబోడియా గేట్లు 2025 జూన్‌లో పర్యాటకులకు మూసేశారు, ఆ తర్వాత యుద్ధమే జరిగింది. తెరిచినట్టు అధికారికంగా చూసేవరకు ఆ దారిని లెక్కలో పెట్టుకోవద్దు. పత్రికకు నా విన్నపం కూడా ఇదే: యాత్రా వ్యాసం వేసినప్పుడు ఏ గేటు గుండా దాటాలో, ఆ నిబంధన ఏ తేదీన సరిచూశారో కింద రెండు ముక్కలు వేయండి.

డబ్బు: డాలర్ నోట్లు మడతలు, మరకలు, చిరుగులు లేనివి కావాలి. కంబోడియాలో అరంగుళం చిరిగినా తీసుకోరు. చిల్లర నోట్లు ఎక్కువ ఉంచుకోండి. లావోస్ కరెన్సీ కిప్ బయట మారదు, అక్కడే ఖర్చు పెట్టేయండి. కార్డులో విదేశీ వాడకాన్ని బ్యాంకు యాప్‌లో మనమే ఆన్ చేసుకోవాలి. శాకాహారులు చేపల సాసు గురించి ప్రతి చోటా అడగాలి, కూరగాయల వంటలోనూ వేస్తారు.

కొనే వరస కూడా ముఖ్యమే. ముందు సైగాన్ లేదా నాంఫెన్ నుంచి ఇంటికి వచ్చే విమానం టికెట్, తర్వాత కౌలాలంపూర్ వెళ్లే టికెట్. తిరుగు టికెట్ వేరే ఊరి నుంచి కనిపిస్తే చెకిన్ కౌంటర్‌లో మలేసియా నుంచి ఎలా బయటపడతారని అడుగుతారు, పాడాంగ్ బెసార్–బ్యాంకాక్ రైలు టికెట్ చూపించండి. మూడోది అదే. వియత్నాం వీసా నాలుగోది, ఫారంలో గేటు పేరు ఖాయమయ్యాకే. లావోస్ బస్సులకు ముందస్తు బుకింగ్ అక్కర్లేదు. దారి మొత్తంలో రెండు రోజులు ఏ టికెట్టూ లేకుండా ఖాళీగా ఉంచండి, ఒకటి బ్యాంకాక్‌లో, ఒకటి హ్యూలో. రైలు ఆలస్యమైనా, ఒంట్లో బాగోలేకపోయినా ఆ రోజులే ఆదుకుంటాయి.

ఇట్లు,
ఒక పాఠకుడు
బరంపురం, గంజాం జిల్లా, ఒడిశా