తనిఖీకి ముందే ప్యానెళ్లకు కరెంటు: ఇంధన శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన తెలంగాణ ఇంధన శాఖ మంత్రి గారికి నమస్కారములు.

హైదరాబాద్‌లో బహుళ అంతస్తుల భవనాల విద్యుత్ పనులను పర్యవేక్షించే పర్మిట్ ఉన్న సూపర్‌వైజరుగా ఈ లేఖ రాస్తున్నాను. తుది తనిఖీ జరగకముందే, నిర్మాణ పనుల కోసం తీసుకున్న టెంపరరీ కనెక్షన్ నుంచి భవనమంతటికీ కరెంటు పంచే మెయిన్ ప్యానెళ్లకు కరెంటు ఇచ్చి, ఫ్లాట్లలోకి కుటుంబాలను దింపడం మా రంగంలో మామూలైపోయింది. దీన్ని ఆపగలిగే అధికారం మీ శాఖ చేతిలో ఉంది కనుక మీకే విన్నవించుకుంటున్నాను.

నిబంధనలు లేక ఇలా జరగడం లేదు. ఎత్తు 15 మీటర్లు దాటిన భవనానికి సరఫరా కోరేముందు యజమాని విద్యుత్ తనిఖీ అధికారికి కనీసం 30 రోజుల ముందు రాతపూర్వకంగా తెలియజేయాలనీ, ఆయన లిఖిత ఆమోదం లేకుండా ఆ గడువులో సరఫరా మొదలుపెట్టకూడదనీ కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2010లోనే నిర్దేశించింది. నిర్మాణానికని తీసుకున్న కరెంటును కాపురాలకు వాడటం విద్యుత్ చట్టం, 2003లోని 126వ సెక్షన్ ప్రకారం అనధికార వినియోగం అవుతుంది. అయితే ఆ సెక్షన్ కింద పడేది అదనపు బిల్లే. ఆ బిల్లును సిమెంటు, ఇసుక ఖర్చులతో పాటు ముందే లెక్కలో వేసుకునేవారిని నేను చూశాను.

నగరానికి పడమటి శివారులో నేను పనిచేసిన ఒక భవనంలో జరిగింది చెబుతాను. సెల్లార్‌లోని ప్యానెల్ గదికి రంగులు వేస్తున్న కుర్రాడు తడి చేత్తో ప్యానెల్ తలుపు పట్టుకుని కేక పెట్టి వెనక్కి పడ్డాడు. ప్రాణం దక్కింది, అరచేయి కాలింది. మెయిన్ ఆపించి తలుపు తెరిచి చూస్తే, ఇండికేటర్ దీపానికి వెళ్లే సన్నని తీగ తలుపు అంచున నలిగి, రాగి బయటపడి రేకును తాకుతోంది. లీకైన కరెంటును నేలలోకి పంపాల్సిన ఎర్తింగ్ జీఐ పట్టీ (జింకు పూత ఇనుప పట్టీ) ప్యానెల్‌కు బిగించే ఉంది, దాన్ని పట్టుకుని బయటిదాకా వెళ్తే చివర రెండడుగులు గాలిలో వేలాడుతోంది. ఆవరణలో మట్టి పని కాలేదని ఆ పట్టీని నేలకు కలిపే గుంత, అంటే ఎర్త్ పిట్, ఇంకా తవ్వనే లేదు. ఎర్త్ లేకపోతే లీకైన కరెంటుకు తిరుగుదారి ఉండదు, లోపం వస్తే సరఫరా ఆపేయాల్సిన బ్రేకరుకు (ఎంసీసీబీకి) అది తెలియదు, అది ట్రిప్ కాదు. ఎవరో ఒకరు ముట్టుకునేదాకా ఆ తలుపు అలాగే కాచుకుని ఉంటుంది. ఆ రోజుకు పై అంతస్తుల్లో అప్పటికే నాలుగు కుటుంబాలు ఉంటున్నాయి.

ఇలాంటి లోపాలను పట్టుకోవడానికే తనిఖీ ఉంది. కానీ ప్యానెల్ నడుస్తూ ఉండగా వచ్చిన అధికారి ఏం చూడగలరు? ఇన్సులేషన్ పరీక్షకు సరఫరా పూర్తిగా తీసేసి, ఇన్సులేషన్ కొలిచే మెగ్గర్ పరికరంతో 500 వోల్టులు ఒక నిమిషం పాటు పెట్టి, కనీసం 1 మెగాఓమ్ వస్తుందో లేదో చూడాలి. ఇళ్లలో టీవీలు, ఎల్ఈడీ దీపాలు తగిలించి ఉన్నప్పుడు ఆ వోల్టేజీ పెడితే అవి పాడైపోతాయి కనుక ఎవరూ ఒప్పుకోరు. ప్యానెల్ లోపల కరెంటు మోసే లోహపు పట్టీల (బస్‌బార్ల) మీద పేరుకున్న సిమెంటు దుమ్ము, డ్రిల్లింగ్ చేసినప్పుడు రాలి లోపలే ఉండిపోయిన ఇనుప రజను, కేబుళ్ల చివర సరిగా నొక్కి బిగించని లగ్గులు, ఇవన్నీ మూసిన తలుపు వెనకే మిగిలిపోతాయి. కాగితం మీద మాత్రం తనిఖీ పూర్తవుతుంది.

తప్పంతా బిల్డర్లదేనని నేను అనను. శ్రావణంలో ముహూర్తం పెట్టుకున్నవారు, రెండు వారాల సెలవు మీద అమెరికా నుంచి గృహప్రవేశానికి వచ్చినవారు, పాలు పొంగించుకునే వేళకు కరెంటు ఉండాల్సిందేనని పట్టుబడతారు. వారి ఆరాటం నాకు అర్థమవుతుంది. అందులోనూ లిఫ్టులు, నీటి మోటార్లు, ఫైర్ పంపులు నడిపి చూడాలంటే తనిఖీకి ముందు కొంత కరెంటు నిజంగానే కావాలి. ఆ అవసరానికి సరైన దారి చూపకపోవడం వల్లే దొడ్డిదారి రాజమార్గమైంది.

కాబట్టి ట్రయల్ సరఫరాకు ప్రత్యేకంగా ఒక లిఖిత అనుమతి పెట్టించండి. ఎర్త్ పిట్ల నిరోధం (రెసిస్టెన్స్) కొలతలు, మెగ్గర్ రీడింగులు సమర్పించిన తరువాతే అది రావాలి. ఏ ప్యానెల్, ఎన్ని రోజులు, ఏ సూపర్‌వైజర్ బాధ్యతలో అన్నది అందులో ఉండాలి. ఫ్లాట్లకు కరెంటు తీసుకెళ్లే లైన్లకు (ఫీడర్లకు) ప్యానెల్ దగ్గరే తాళం వేసి ఉండాలి. ఆ తాళం తెరిచినందుకు అదనపు బిల్లుతో సరిపెట్టకుండా కాంట్రాక్టరు లైసెన్సు మీద చర్య తీసుకోవాలి. భవనం పూర్తికావచ్చే దశలో టెంపరరీ మీటరు వాడకం ఒక్కసారిగా పెరిగితే విద్యుత్ పంపిణీ సంస్థ (డిస్కం) సిబ్బంది అక్కడికి వెళ్లి చూసేలా ఆదేశించండి, ఎందుకంటే గీజర్లు, ఏసీలు ఆన్ అయిన సంగతి అందరికంటే ముందు ఆ మీటరుకే తెలుస్తుంది. తనిఖీ అధికారుల కార్యాలయాల్లో సిబ్బందిని కూడా పెంచండి. దరఖాస్తు పెట్టిన భవనానికి ఫలానా తేదీన వస్తామని ముందే చెప్పగలిగితే, ఆ తేదీ చూసుకుని ముహూర్తం పెట్టుకోండని కొనుగోలుదారులకు మేమే నచ్చజెబుతాము.

ఇట్లు,
ఒక విద్యుత్ సూపర్‌వైజర్,
హైదరాబాద్.