పోలిక సరే, పల్లె ఏదో పట్నం ఏదో ముందు చెప్పండి

సంపాదకుల వారికి నమస్కారం.

నేను డిగ్రీ పిల్లలకు అర్థశాస్త్రం చెబుతాను. మన దేశంలో నిరుద్యోగం చైనా కంటే తక్కువట కదా అని పిల్లలు అడుగుతుంటారు. వాళ్లు చూసిన అంకెల్లో తప్పేమీ లేదు. 2023-24 కార్మిక సర్వే (పీఎల్‌ఎఫ్‌ఎస్) ప్రకారం మన నిరుద్యోగ రేటు 3.2 శాతం. చైనాది 2023లో సగటున 5.2 శాతం. తప్పల్లా ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టడంలోనే ఉంది.

చైనా ప్రతి నెలా ప్రకటించేది పట్టణ నిరుద్యోగం మాత్రమే. మన 3.2లో పల్లెలూ ఉన్నాయి. మన పట్టణాలను విడిగా చూస్తే అదే సర్వేలో 5.1 శాతం. అక్కడితో అయిపోలేదు. ఆ 5.1 మనిషి ఏడాది పొడవునా ఏం చేశాడో చూసి వేసిన లెక్క. చైనా వాళ్లు ఒక వారాన్ని చూస్తారు. వారం లెక్కన 2024 ఏప్రిల్-జూన్‌లో మన పట్టణాల్లో నిరుద్యోగం 6.6 శాతం. చూడండి, మనకు అనుకూలంగా కనిపించిన పోలిక కాస్తా తిరగబడింది.

అదే సర్వే ఏడాది లెక్కన పల్లెల్లో మన రేటు 2.5 శాతమే. అక్కడ పని పుష్కలంగా దొరుకుతోందని దాని అర్థం కాదు. సొంత పొలంలో, ఇంటి పాడి దగ్గర జీతం లేకుండా చేసేవాళ్లూ పనిలో ఉన్నవాళ్ల కిందే లెక్క. ఇద్దరు చేయగల పనిని నలుగురు పంచుకున్నా నలుగురికీ పని ఉన్నట్టే. 15 ఏళ్లు దాటిన ఆడవాళ్లలో పని చేస్తున్నవాళ్లూ పని వెతుక్కుంటున్నవాళ్లూ కలిపి పల్లెల్లో 47.6 శాతం, పట్టణాల్లో 28 శాతం. పల్లె ఆడవాళ్ల చాకిరీ ఇన్నాళ్లకైనా లెక్కలోకి వస్తున్నందుకు నాకు సంతోషమే. కానీ అందులో చేతికి కూలి డబ్బులు అందేది ఎందరికో వేరుగా చెప్పకపోతే, పట్నం ఉద్యోగినినీ ఆమెనూ ఒకే గాట కట్టినట్టవుతుంది.

అసలు పట్టణం అని దేన్ని అంటున్నాం? మున్సిపాలిటీలు ఎలాగూ పట్టణాలే. అవి కాక, జనాభా కనీసం 5,000, చదరపు కిలోమీటరుకు కనీసం 400 మంది ఉండి, ఏడాదిలో ఎక్కువ కాలం పనిచేసే మగవాళ్లలో కనీసం 75 శాతం వ్యవసాయేతర పనుల్లో ఉన్న ఊరిని మన జనగణన పట్టణంగా లెక్కిస్తుంది. 2011లో అలాంటి ఊళ్లు 3,894 తేలాయి. లెక్కలో పట్టణాలు, పాలన మాత్రం పంచాయతీలది. అన్నీ కలిపినా మన పట్టణ జనాభా 31 శాతమే, అదీ 2011 నాటి మాట. కొత్త లెక్క 2027 మార్చి 1 నాటి జనాభాకు. ఈ మధ్యలో ఎన్ని ఊళ్లు రంగు మార్చుకున్నాయో!

చైనాలో 2020 జనగణన ప్రకారం పట్టణ జనాభా 63.9 శాతం. అక్కడ హుకౌ అనే కుటుంబ నమోదు ఉంది. పట్టణ హుకౌ ఉన్నవాళ్లు 45.4 శాతమే. ఆ తేడా సుమారు 26 కోట్ల మంది. ఉండేది నగరంలో, కాగితం మీద పల్లెవాళ్లు. పిల్లల చదువు, వైద్యం, పింఛను లాంటివి ఆ కాగితాన్ని బట్టే చాలావరకు అందుతాయి. 2023లో అక్కడి గ్రామీణ వలస కార్మికులు 29.75 కోట్లని వాళ్ల ప్రభుత్వమే చెప్పింది. అయితే వీళ్లలో 12 కోట్ల మందికి పైగా సొంత ప్రాంతం దాటని వాళ్లే, అక్కడే వ్యవసాయం కాని పని చేసుకుంటున్నారు. కాబట్టి వలస అనే మాట కూడా అక్కడొకటి, ఇక్కడొకటి.

మన దగ్గర సమస్య ఇంకో రకం. ఆరు నెలల లోపు బయటికి వెళ్లిన మనిషిని సర్వేలో ఊళ్లోని ఇంటి సభ్యుడిగానే రాస్తారు. నాలుగు నెలలు భవన నిర్మాణానికి వెళ్లొచ్చే కూలీ శ్రమ నగరానికి, లెక్క పల్లెకు. 2020 లాక్‌డౌన్‌లో వందల కిలోమీటర్లు నడిచిన వాళ్లను చూసి ఇంతమంది ఉన్నారా అని అందరం నోరెళ్లబెట్టాం. అప్పటిదాకా మనం రోజూ చూసే పట్టికల్లో వాళ్లు విడిగా కనిపించలేదు కాబట్టే ఆ ఆశ్చర్యం.

మీ పత్రికకు నా విన్నపం ఒకటే. రెండు దేశాల కార్మికుల పోలిక వేసినప్పుడు పట్టిక కింద ఒక్క లైను కలపండి. ఆ లెక్క పట్టణానిదా, దేశం మొత్తానిదా, వారానిదా, ఏడాదిదా అన్నది చాలు. రాబోయే జనగణనలో ఆరు నెలల లోపు వలసలను విడిగా అడగాలని ఒక సంపాదకీయం కూడా రాయండి. ప్రశ్నలు ఖరారయ్యాక అడిగి లాభం లేదు.

ఇట్లు,
మీ పాఠకురాలు