మన కాలనీ అసోసియేషన్ వార్షిక నివేదిక, 2024–25: ఉప్పలపాడుకు రెండుసార్లు

సభ్యులందరికీ నమస్కారం.

మామూలు పనులు ముందు గబగబా చెప్పేస్తాను. బోరు మోటారు రెండుసార్లు కాలింది, రెండుసార్లూ బాగు చేయించాం. రెండో వీధి చివర సైడు కాలువలో పూడిక తీయించాం. సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మునిగినప్పుడు, మన ఆడవాళ్ళు తెల్లారకముందే లేచి కట్టిన పులిహోర పొట్లాలు మధ్యాహ్నానికల్లా అక్కడికి చేర్చాం. సంక్రాంతి ముగ్గుల పోటీ బహుమతుల గొడవ మీకు తెలిసిందే, మళ్ళీ తవ్వను. జమాఖర్చులు కోశాధికారి గారు విడిగా చదువుతారు.

మిగతాదంతా ఉప్పలపాడు ఊరి చెరువు, అక్కడి పక్షుల కేంద్రం గురించే. ఈ ఏడాది మనం చేసిన పెద్ద పొరపాటు, దాన్ని దిద్దుకున్న తీరు రెండూ అక్కడివే.

ఏటా కార్తీక వనభోజనాలకు ఏదో ఒక మామిడితోటకు వెళ్తుంటాం. ఈసారి పనిలో పనిగా పక్షుల కేంద్రం కూడా చూపిద్దామని కమిటీలో అన్నది నేనే. గుంటూరు నుంచి అరగంట కూడా పట్టదు. అయినా మనలో సగం మంది ఆ చెరువు చూడనేలేదు. అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్ళి అక్కడి పార్కుల ఫొటోలు గ్రూపులో పెట్టినవాళ్ళం మాత్రం చాలామందిమి ఉన్నాం, నాతో సహా.

నవంబరు ఆదివారం ఏడింటికి కదలాల్సిన బస్సు టిఫిన్ల ఆలస్యంతో తొమ్మిదిన్నర దాటాక కదిలింది. చేరేసరికి ఎండెక్కింది. పెద్ద పక్షులు చాలావరకు మేతకు వెళ్ళిపోయాయి. కనిపించినవల్లా సున్నం కొట్టినట్టు రెట్టతో తెల్లబడ్డ తుమ్మచెట్లు, ఆ వాసన. కొందరు ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని బస్సు దిగనే లేదు. ఇంతలో మన కుర్రాళ్ళు స్పీకర్లో పాట పెట్టారు. గట్టు మీద గేదెను తోలుకుపోతున్న ఆ ఊరి పెద్దావిడ ఆగి, "అయ్యా, పాటలు మీ ఇంటికాడ వినండి. అవి గుడ్ల మీదున్నాయి" అంది. గొంతు కూడా పెంచలేదు. స్పీకర్ ఆగిపోయింది. అది ఊరి చెరువు. వేటగాళ్ళను రానివ్వకుండా ఆ పక్షులను కాపాడుకుంటూ వచ్చింది ఆ ఊరివాళ్ళే. మనం వాళ్ళ వాకిట్లోకి వెళ్ళి గోల చేసినట్టయింది.

ఆ మాట నాకు చాలా రోజులు గుర్తుంది. అందుకే ఫిబ్రవరిలో మళ్ళీ వెళ్దామన్నాను. పద్నాలుగు మందే వచ్చారు, మూడు కార్లు సరిపోయాయి. అయిదున్నరకు బయల్దేరాం. తినేవి లేవు, మంచినీళ్ళ సీసాలు మాత్రమే. మూడో వీధి జువాలజీ మాస్టారు రిటైరయ్యాక మొదటిసారి క్లాసు తీసుకున్నారు. మొదటి దెబ్బ నామీదే పడింది. సైబీరియా నుంచి వచ్చిన పక్షులని నేను పిల్లలకు చెబుతుంటే ఆయన నవ్వారు. గూడబాతులు, అంటే పెలికాన్లు, మన దేశపువేనట. శ్రీలంకలోనూ, కంబోడియా వైపూ ఉంటాయట. నీళ్ళూ చేపలూ చూసుకుని చెరువు నుంచి చెరువుకు తిరుగుతాయి తప్ప సైబీరియాతో వాటికి ఏ సంబంధమూ లేదు. చలికాలం అంత దూరం నుంచి వచ్చేవి వేరే ఉన్నాయి, గులాబీ గోరింకల్లాంటివి.

వాచ్‌టవర్ మీద నుంచి ఒక గూటిని దాదాపు గంట చూశాం. తల్లి గూడబాతు వచ్చి వాలగానే, దాదాపు దాని అంత ఉన్న పిల్ల మెడదాకా తలను తల్లి గొంతు సంచీలోకి దూర్చేసింది. బయటికి ఒళ్ళు మాత్రమే కనిపిస్తోంది, అదీ ఊగిపోతోంది. "మింగేస్తోంది!" అని మా చిన్నది నా చెయ్యి పట్టుకుంది. మింగుతున్నది పిల్లేనని, లోపల తల్లి కక్కిన చేపలున్నాయని మాస్టారు చెప్పేదాకా వదల్లేదు. పక్క చెట్టు మీద ఎర్రకాళ్ళ కొంగలు ముక్కులు టకటకా కొట్టుకుంటున్నాయి. పెద్దవాటికి గొంతు లేనట్టేనట, మాటలన్నీ ముక్కుతోనే. కొంచెం ఎండ రాగానే ఒకటి రెక్కలు విప్పి పిల్లలకు గొడుగులా నిలబడింది. తోక దగ్గర ఆ గులాబీ రంగు ఈకలు అప్పుడు బాగా కనిపించాయి.

వాసన మాత్రం అప్పుడూ ఉంది. పావుగంటలో అలవాటైపోయింది.

పద్నాలుగు మందినే తీసుకెళ్ళి మిగతావాళ్ళను వదిలేశారని ఒకరిద్దరు అన్నారు. నోటీసు బోర్డు మీద పది రోజులు పెట్టాం, అయిదున్నర అనగానే పేర్లు కొట్టేసుకున్నది వాళ్ళే. అయినా చెబుతున్నాను: కిందటిసారిలా బస్సు నిండా జనంతో వెళ్ళడం నాకిష్టం లేదు. వనభోజనాలు తోటలోనే పెట్టుకుందాం, పాటలు కూడా అక్కడే. పక్షుల దగ్గరికి చిన్న గుంపులుగా రెండు మూడు విడతల్లో వెళ్దాం.

వచ్చే శీతాకాలం కైకలూరు దగ్గర ఆటపాకకు, కొల్లేరు పక్షులను చూడటానికి వెళ్దామని మాస్టారు అడుగుతున్నారు. అక్కడ అటవీశాఖ వాళ్ళు గూళ్ళు కట్టుకోవడానికి ఇనుప స్టాండ్లు కూడా పెట్టారు. ఈ సమావేశంలోనే తేల్చండి, తేలితే పేర్లు ఇవాళే రాసుకుంటాను.

ఇంకొకటి. అసోసియేషన్ డబ్బుతో కొన్న బైనాక్యులర్ల ఒక మూత ఫిబ్రవరి నుంచి కనిపించడం లేదు. ఎవరి కారు సీటు కింద ఉన్నా వాచ్‌మన్‌కు ఇచ్చేయండి, ఎవరని అడగం.

మీ కార్యదర్శి