కోఠి రెసిడెన్సీ గారపనిని బతికించే చేతుల కోసం

తెలంగాణ వారసత్వ శాఖ సంచాలకుల వారికి,

నమస్కారం. కోఠి మహిళా కళాశాలలో చదివినవాళ్లకు ఆ భవనం ముందున్న ఆరు స్తంభాలు చదువులో భాగమే. నిజాం కొలువులో ఈస్టిండియా కంపెనీ ప్రతినిధిగా, అంటే రెసిడెంటుగా ఉన్న కిర్క్‌పాట్రిక్ 19వ శతాబ్దపు తొలి ఏళ్లలో కట్టించిన నివాసం, రెసిడెన్సీ, అది. పైన త్రికోణంలో ఈస్టిండియా కంపెనీ చిహ్నం ఉంటుంది. ఖర్చు మాత్రం నిజాంది. ఆ అవమానాన్ని దాచనక్కరలేదు, చెరపనూ కూడదు.

నా మనసు స్తంభాల తలల మీదే ఉంటుంది. గ్రీకు, రోమన్ కట్టడాల్లో చలువరాతిలో చెక్కిన ఆకులను ఇక్కడ సున్నపు గారతో మలిచారు. గానుగలో నూరిన సున్నం, కరక్కాయ, బెల్లం నీళ్లతో మన ప్రాంతంలో ఆ పని చేసేవారు. తడి ఆరేలోపు తాపీతో ఆకు అంచు వంచాలి. అది అచ్చులకు లొంగే విద్య కాదు.

మా వీధిలో ఒక పాత ఇంటి గారపూల మీద సిమెంటు పూశారు. లోపలి తేమ బయటికి పోలేక రెండు వానాకాలాల్లోనే పెచ్చులూడి, పూలు కూడా రాలిపోయాయి.

రెసిడెన్సీ ప్రాంగణంలోనే ఒక సున్నపు గానుగ పెట్టించండి. పాత మేస్త్రీల పక్కన యువతీయువకులను కూర్చోబెట్టి, నేర్చుకున్నన్నాళ్లూ కూలి ఇప్పించండి.

ఇట్లు,
ఒక పూర్వ విద్యార్థిని