కణాలు కలిసి దేహమయ్యే తీరు: తల్లిదండ్రులకు ప్రధానోపాధ్యాయురాలి లేఖ

ప్రియమైన తల్లిదండ్రులకు నమస్కారం.

ఈ నెల తొమ్మిదో తరగతి పిల్లలు జీవశాస్త్రంలో కణజాలాల పాఠం చదువుతున్నారు. ఇంట్లో మీరు పుస్తకం చేతిలోకి తీసుకుని అడిగితే, ‘కణాలు కలిసి కణజాలం, కణజాలాలు కలిసి అవయవం, అవయవాలు కలిసి అవయవ వ్యవస్థ, వ్యవస్థలన్నీ కలిసి జీవి’ అని గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పేస్తారు. ఆ వాక్యంలో తప్పేమీ లేదు. అయితే మొన్నటి తరగతి పరీక్షలో ఆ వాక్యాన్ని అక్షరం పొల్లుపోకుండా రాసిన పిల్లల్లోనే చాలామంది, ‘రక్తం కణజాలమేనా?’ అన్న తర్వాతి ప్రశ్నకు ‘కాదు, అది ద్రవం’ అని రాశారు. ఆ జవాబు పత్రాలు దిద్దుతున్నప్పుడే మీకు ఈ ఉత్తరం రాయాలనిపించింది. ఎందుకంటే ఆ వాక్యంలో నాలుగుసార్లు వచ్చే ‘కలిసి’ అనే మాటలోనే పాఠమంతా ఉంది. పిల్లలు దాని మీదుగా దాటిపోతున్నారు.

కణాలను ఇటుకలతో పోల్చి చెప్పడం మనందరికీ అలవాటు. నేనూ చాలా ఏళ్లు అలాగే చెప్పాను, ఇప్పుడు మానేశాను. 1665లో రాబర్ట్ హుక్ బెండు ముక్కలో చూసి ‘సెల్’ అని పేరు పెట్టినవి నిజానికి ఖాళీ గదులు, అంటే చనిపోయిన కణాల గోడలు మాత్రమే. వాటికైతే ఇటుక పోలిక సరిపోతుంది. బతికి ఉన్న కణానికి సరిపోదు. ఇటుకకు పక్క ఇటుక ఉందో లేదో తెలియదు, కణానికి తెలుస్తుంది. 1907లో హెచ్. వి. విల్సన్ అనే శాస్త్రవేత్త సముద్రపు స్పంజికను సన్నని పట్టుబట్టలో పెట్టి పిండి, దాన్ని విడివిడి కణాలుగా నీటిలోకి వదిలాడు. ఆ కణాలు అడుగున పాకుతూ ఒకదాన్నొకటి చేరుకుని, ముద్దలు కట్టి, కొన్నాళ్లకు మళ్లీ స్పంజికలుగా తయారయ్యాయి. నిజమైన కణజాలాలు కూడా ఏర్పడని అంత సరళమైన జీవిలోనే కణాలకు తమవాటిని గుర్తుపట్టి అతుక్కునే శక్తి ఉందంటే, మన దేహంలో దాని పాత్ర ఎంతటిదో ఊహించవచ్చు. గుండె కండర కణాల సంగతి ఇంకా ఆశ్చర్యం కలిగిస్తుంది. వాటిని విడదీసి పోషక ద్రవంలో ఉంచితే ప్రతి కణమూ తన లయలో తాను కొట్టుకుంటూ ఉంటుంది. రెండు కణాలు పెరిగి ఒకదానికొకటి తగిలి అతుక్కున్నాక రెండూ ఒకే లయలో కొట్టుకుంటాయి. కలవడమంటే పిల్లలకు ఇదీ అని చూపించాలని నా తాపత్రయం.

ప్రయోగశాలలో ఈ వారం ప్రతి విద్యార్థీ తన బుగ్గ లోపలి పొరను పుల్లతో సున్నితంగా గీసి, గాజు పలక మీద రాసి, ఒక చుక్క మిథిలిన్ బ్లూ వేసి సూక్ష్మదర్శినిలో చూశాడు. విడివడిన కణాలు అడ్డదిడ్డంగా పడి ఉన్నాయి. మధ్యలో ముదురు నీలం చుక్కలా కేంద్రకం కనిపించింది. తర్వాత ఒక ఆకు అడుగుభాగపు పొరను ఒలిచి చూశారు. అక్కడ కణాలు సందు లేకుండా ఒకదానిలో ఒకటి ఇమిడి పరుచుకున్నాయి. వాటి నడుమ అక్కడక్కడా చిక్కుడు గింజల జంటల్లా రక్షక కణాలు, ప్రతి జంట మధ్యా ఒక సన్నని రంధ్రం కనిపించాయి. ఆ రెండు కణాలూ నీటితో ఉబ్బితే రంధ్రం తెరుచుకుంటుంది, నీరు తగ్గి వాడితే మూసుకుంటుంది. జంటలో ఒక్కదాన్ని విడదీసి తీసుకుంటే దానికి రంధ్రమే లేదు, తెరవడమూ మూయడమూ లేవు. ఒక అమ్మాయి చాలాసేపు చూసి, ‘ఇది కణం చేసే పని కాదు, జంట చేసే పని’ అంది. కణజాలానికి పుస్తకంలో ఉన్న నిర్వచనం కంటే ఆ మాట నాకు ఎక్కువ నచ్చింది.

ఇక రక్తం సంగతి. ఒకే మూలం నుంచి వచ్చి, ఒక పనికి పూనుకున్న కణాల సముదాయమూ, వాటి మధ్య ఉండే పదార్థమూ కలిపితే కణజాలం. జంతువుల్లో అవి ప్రధానంగా నాలుగు రకాలు: ఉపకళా (పైపొరగా పరుచుకునేవి), సంయోజక (మిగతావాటిని కలిపి ఉంచేవి), కండర, నాడీ కణజాలాలు. సంయోజక కణజాలంలో కణాల కంటే వాటి మధ్య ఉండే పదార్థానిదే పెద్ద పాత్ర. ఎముకలో ఆ పదార్థం కాల్షియం లవణాలతో గట్టిపడి ఉంటుంది, రక్తంలో ప్లాస్మా రూపంలో ద్రవంగా ఉంటుంది. గట్టిదనమూ పలచదనమూ ఇక్కడ లెక్కలోకి రావు. ఒక ఘన మిల్లీమీటరు రక్తంలో సుమారు 50 లక్షల ఎర్ర రక్తకణాలు ఉంటాయి. ఒక్కొక్కటి దాదాపు 120 రోజులు పనిచేసి రాలిపోతుంది, వాటి స్థానంలో ఎముక మజ్జలో కొత్తవి పుడుతూనే ఉంటాయి. 1801 నాటికే ఫ్రెంచ్ వైద్యుడు బిషా సూక్ష్మదర్శినిని నమ్ముకోకుండా, అవయవాలను ఎండబెట్టీ, నానబెట్టీ, ఉడకబెట్టీ, ఆమ్లాల్లో వేసీ చూసి 21 రకాల కణజాలాలను వేరుచేశాడు. వేర్వేరు అవయవాల్లో ఒకే రకం అల్లిక మళ్లీ మళ్లీ కనిపిస్తోందని ఆయన గ్రహించాడు. అలా గ్రహించే చూపు పిల్లలకు రావాలి.

అవయవం దగ్గరికి వచ్చేసరికి ‘కలిసి’ అన్న మాటకు అర్థం మారుతుంది. కణజాలంలో ఒక పనికి పూనుకున్న కణాలు కలిస్తే, అవయవంలో భిన్నమైన కణజాలాలు కలుస్తాయి. చిన్నపేగునే తీసుకోండి. సుమారు ఆరు మీటర్ల ఆ గొట్టం లోపలి గోడ నిండా సుమారు ఒక మిల్లీమీటరు ఎత్తుండే వేళ్ల వంటి మడతలు, ఆంత్ర చూషకాలు ఉంటాయి. వాటి మీద ఒకే ఒక్క కణం మందంలో ఉపకళా కణజాలపు తొడుగు ఉంటుంది. జీర్ణమైన పోషకాలను లోపలికి పీల్చుకునేది అదే. ఆ కణాలు నాలుగైదు రోజులకే అరిగి రాలిపోతాయి, కింది నుంచి కొత్తవి పైకి వస్తాయి. తొడుగు కింద సంయోజక కణజాలం, అందులో పీల్చుకున్నదాన్ని మోసుకుపోయే రక్తకేశనాళికలు ఉంటాయి. దాని చుట్టూ కండర కణజాలం రెండు వరసలుగా, ఒకటి వలయాలుగా, మరొకటి నిలువుగా అమరి ఉంటుంది. మన ప్రమేయం లేకుండానే అవి సంకోచించి ఆహారాన్ని ముందుకు నెడతాయి. ఆ వరసల మధ్య నాడీ కణజాలం వలలా అల్లుకుని, ఎప్పుడు ఎక్కడ బిగియాలో ఎక్కడ సడలాలో నడిపిస్తుంది. ఈ నాలుగింటిలో ఏ ఒక్కటి లేకపోయినా అది పేగు కాదు. మొక్కల్లో ఆకు కూడా ఇలాంటి అవయవమే; పైనా కిందా త్వచ కణజాలం, మధ్యలో ఆహారం తయారుచేసే కణజాలం, ఈనెల్లో నీటిని తెచ్చే దారువు, తయారైన ఆహారాన్ని తీసుకుపోయే పోషక కణజాలం ఉంటాయి.

వ్యవస్థల పట్టిక పుస్తకంలో ఉంది, దాన్ని మళ్లీ రాయను. ఒక్క మాట మాత్రం చెప్పాలి. పట్టికలో గీతలు గీసినట్టు దేహంలో గీతలు ఉండవు. క్లోమం జీర్ణరసాన్ని పేగులోకి పంపుతూ జీర్ణవ్యవస్థలో ఉంటుంది, ఇన్సులిన్‌ను రక్తంలోకి వదులుతూ అంతఃస్రావ వ్యవస్థలోనూ ఉంటుంది. ‘క్లోమం ఏ వ్యవస్థకు చెందింది?’ అని అడిగితే ఒకే జవాబు రాసిన పిల్లల కంటే, రెండూ రాసి ఎందుకో వివరించిన పిల్లలకే మా ఉపాధ్యాయులు ఎక్కువ మార్కులు వేస్తారు.

వయోజన మానవ దేహంలో సుమారు 37 లక్షల కోట్ల కణాలు ఉంటాయని అంచనా. ఇవన్నీ ఫలదీకరణ చెందిన ఒకే ఒక్క కణం విభజన చెందగా వచ్చినవే. నాడీకణంలోనూ కాలేయ కణంలోనూ ఉన్న జన్యు సమాచారం దాదాపు ఒక్కటే, అందులో ఏ భాగాన్ని ఉపయోగిస్తున్నాయన్న దాంట్లోనే తేడా. అందువల్ల ఇవి ఎక్కడెక్కడి నుంచో తెచ్చి పేర్చినవి కావు, విడిపోతూ కూడా కలిసే ఉన్నవి.

మీ నుంచి కోరేది ఒక్కటే. పిల్లలు ఆటల్లో మోకాలు గీరుకుని రావడం మామూలే. గాయం కడిగి, చేయవలసిన ఉపచారం చేశాక, రోజూ దాన్ని గమనించి నోటు పుస్తకంలో తేదీ వేసి రాసుకోమనండి. మొదట రక్తఫలకికలు చేరి రక్తం గడ్డకడుతుంది. తర్వాత తెల్ల రక్తకణాలు వచ్చి సూక్ష్మక్రిములను, చెడిన కణాలను తొలగిస్తాయి. అంచు చుట్టూ కనిపించే ఎరుపూ కొద్దిపాటి వాపూ రక్తనాళాలు వెడల్పై ఆ కణాలకు దారి ఇవ్వడం వల్ల వచ్చేవే. పక్కు కట్టాక దాని కింద, చర్మపు ఉపకళా కణాలు గాయం అన్ని అంచుల నుంచీ మధ్యకు పాకుతూ వస్తాయి. ఎదురుగా వచ్చే తమవంటి కణాలు తగలగానే ఆగిపోతాయి. పక్కును గిల్లవద్దని మనం పిల్లలకు చెప్పేది ఆ పాకే కణాలు చెదరకుండా ఉండటానికే. అది తనంతట తాను రాలిన రోజున, కింద కనిపించే లేత గులాబీ రంగు చర్మాన్ని చూసి ఏం జరిగి ఉంటుందో పిల్లలనే చెప్పనివ్వండి. ఆ నోటు పుస్తకాన్ని నెలాఖరు తరగతికి పంపితే నేనే స్వయంగా చదువుతాను.

భవదీయురాలు,
ప్రధానోపాధ్యాయురాలు